వృద్ధుల తీర్థయాత్ర – తోడు వచ్చువాని ధర్మము

తీర్థమనగా తరింపజేయునది అని పెద్దలు చెప్పుదురు. నదిలో దిగి దాటుటకు వీలైన రేవు అనునది ఆ మాటకు గల ప్రాచీనార్థము. నది అంతటను ఒకటే నీరు. అయినను అంతటను దిగరాదు. ఎచ్చట లోతు ఎంతయో, ఎచ్చట కాలు నిలుచునో, మనకంటె ముందు దాటినవారు చూచి తెలిసికొన్న చోటికే రేవు అని పేరు. కనుక తీర్థమను మాటలో పవిత్రతతోపాటు క్షేమము కూడ ఇమిడియున్నది. పుణ్యము కొరకు పోవుచున్నాము గదా, దారి సంగతి భగవంతుడే చూచుకొనునని అనుకొనుట భక్తివలె కనిపించును గాని, అది రేవు వెదకక నదిలో దిగుటయే.

ఈ విచారము బలవంతులకంటె బలహీనుల విషయమున మిక్కిలి అవసరము. నడువలేని వృద్ధులు, చూపులేనివారు, అంగవైకల్యము గలవారు, మతిమరుపు కమ్మినవారు, వృద్ధాశ్రమములలో పరుల సంరక్షణలో నున్నవారు – వీరికిని కోరికలుండును. ఒకరికి తిరుమలేశుని చూడవలెనని, ఒకరికి గోదావరిలో మునుగవలెనని, మరియొకరికి పుట్టిన ఊరిలోని రామాలయమునకు ఒక్కమారు పోయి రావలెనని. ఆ కోరిక తీరుట ఇతరుల చేతిలో నున్నది. అట్టివారిని ఆపద కలుగునేమో యని తెలిసియు తీసికొనిపోవుట ధర్మమా? క్షేమము పేరిట ఇంటనే కూర్చుండబెట్టుట ధర్మమా? ఒకరిని కాపాడు బాధ్యత గలవానికి వారి కోరికపై ఎంతవరకు అధికారము కలదు? మన ఇండ్లలో నిత్యము ఎదురగుచున్న ఈ ప్రశ్నను గూర్చి కొంచెము విచారింతము.

వలదనువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. భగవంతుడు సర్వాంతర్యామి; ఇంటి పూజామందిరమున లేనివాడు కొండమీద మాత్రమే ఉండడు. ధర్మాచరణమునకు దేహమే మొదటి సాధనము. దానిని చేజేతుల చెరచుకొనుట పుణ్యము కాదు. శక్తిలేనివాడు మనసుతో చేసిన యాత్రయు యాత్రయే. ఇవన్నియు నిజములే. అయితే ఒక్కటి గమనింపవలెను. ఈ మాటలను ఆ వృద్ధుడు తనంతట తాను చెప్పుకొన్నచో అది వైరాగ్యము. ఆరోగ్యముగా నున్న కుమారుడు సెలవు దొరకదనియో, ఏదైన జరిగినచో లోకము తన్ను నిందించుననియో తలచి, అవే మాటలను తండ్రికి ఉపదేశించినచో దానికి వైరాగ్యమని పేరు పెట్టుట తగదు. అప్పుడు ఆ కుమారుడు కాపాడుచున్నది తండ్రిని కాదు, తన్నుతానే.

నా జీవితములో జరిగిన ఒక పొరపాటును ఇచ్చట విన్నవించుకొందును. బాల్యముననే తల్లిని పోగొట్టుకొన్న నన్ను మా మేనత్తగారు పెంచి పెద్దచేసిరి. 1996 మే నెలలో, ఆమె 78వ ఏట, దూరముననున్న ఒక కొండమీది క్షేత్రమునకు ఆమెను తీసికొనిపోయితిని. రైలులో క్రింది బెర్తు, దిగగానే బస్సు, కొండపైన గది అన్నియు నేనే ముందుగా ఏర్పాటు చేసితిని. మోకాళ్ళ నొప్పులకు మాత్రలు కొంటిని. లోపమేమియు లేదని తృప్తిపడితిని. మరునాటి ఉదయము దర్శనపు వరుసలో నిలుచుండగా ఆమె కన్నులు తేలవేసి నా చేతులలో ఒరిగిపోయిరి. వైద్యుడు పరీక్షించి, ఒంటిలో నీరు చాలలేదనియు, ఇంకను ఆలస్యమైనచో ప్రమాదము సంభవించెడిదనియు చెప్పి సెలైను ఎక్కించెను.

సాయంకాలమునకు ఆమె తేరుకొన్న పిమ్మట, "అత్తయ్యా, మంచినీళ్ళ సీసా నీ పక్కనే పెట్టాను గదా, ఎందుకు తాగలేదు?" అని అడిగితిని.

ఆమె ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, "తాగితే లేవాలి గదరా నాయనా. కదిలే రైల్లో నేను నిలబడలేను. బస్సు ఆపమని నలుగురిలో ఎలా అడగను? నీతో చెప్పడానికే సిగ్గేసింది. అందుకని బయలుదేరిన దగ్గరనుంచీ గొంతు తడుపుకుంటూ వచ్చానంతే" అనిరి.

నేను టిక్కెట్లు చూచితిని, గది చూచితిని. ఆమెను ఒక్కమాట అడుగలేదు. స్త్రీ ఒకరు తోడుండవలెనని నాకు తోచలేదు. దర్శనము లేకయే మరునాడు వెనుకకు వచ్చితిమి. ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఇకమీదట ఆమెకు ప్రయాణములు వలదని నిర్ణయించితిమి. ఆ నిర్ణయము చేయునపుడు కూడ ఆమెను ఎవ్వరమును అడుగలేదు.

ఇట్టి పొరపాటు ధర్మరాజువంటివానికే జరిగినట్లు భారతములోని ఆశ్రమవాసపర్వము చెప్పుచున్నది. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదు సంవత్సరములు ధర్మరాజు సంరక్షణలో నుండెను. అన్నమునకు గాని, వస్త్రమునకు గాని, సేవకులకు గాని లోటు లేదు. అయినను భీముని ములుకులవంటి మాటలకు మనసు నొచ్చిన ఆ వృద్ధరాజు రహస్యముగా ఆహారము తగ్గించుకొని నేలపై పరుండుచుండెను. అడవికి పోవుటకు అనుమతి కోరినపుడు గాని ఆ సంగతి ధర్మరాజునకు తెలియలేదు. నీవు ఇట్లు కృశించుచుండగా నేను తెలిసికొనలేకపోతినే యని అతడు పరితపించెను. అన్నియు సమకూర్చితిననుకొన్న సంరక్షకునకు తన నీడనున్నవాడు పస్తున్న సంగతి తెలియదు! భారతము ఎంత లోకానుభవముతో పలికినదో చూడుడు.

ధర్మరాజు మొదట అడవికి పోవుటకు సమ్మతింపలేదు. ప్రేమచేతనే సమ్మతింపలేదు. వ్యాసమహర్షి వచ్చి చెప్పిన మీదట అంగీకరించెను. అడవిలో ఆపద లేదని వ్యాసుడు చెప్పలేదు. ఇతడు వృద్ధుడు, పుత్రులను పోగొట్టుకొన్నవాడు, పూర్వరాజర్షులు నడచిన త్రోవను కోరుచున్నాడు, అడ్డుపడవలదు అని మాత్రమే చెప్పెను. కార్తిక పూర్ణిమనాడు వారు హస్తినాపురము విడిచిరి. ముందు కుంతి నడచినది. కన్నులకు గంతలు కట్టుకొన్న గాంధారి ఆమె భుజముపై చేయి వేసినది. గాంధారి భుజముపై ధృతరాష్ట్రుడు చేయి యుంచెను. విదురసంజయులు వెంట నడచిరి. అడవిలో మిట్టపల్లములు వచ్చినపుడు రాజునకు సంజయుడును, గాంధారికి కుంతియు దారి చూపుచుండిరి.

ఆ దృశ్యమును ఒక్కమారు మనసులో నిలుపుకొనుడు. కుంతి గాంధారి చేయి పట్టి లాగలేదు. గాంధారియే కుంతిని పట్టుకొన్నది. అంధులకు దారి చూపుటలో శిక్షణ పొందినవారు నేటికిని చెప్పునది ఇదియే. చూపులేనివారి చేతిని పట్టి ఈడ్వరాదు. వారు మన మోచేతినో భుజమునో పట్టుకొనగా, మనము అర అడుగు ముందు నడువవలెను. పట్టుకొన్నవారు కావలసినపుడు ఆగగలరు, విడువగలరు. పట్టబడినవారికి ఆ స్వాతంత్ర్యము లేదు. చక్రాలకుర్చీ విషయమునను ఇదియే మర్యాద. కూర్చున్నవారికి చెప్పకుండ కుర్చీని కదపరాదు. నిలిపినపుడు బ్రేకు వేయవలెను. ఏటవాలు దారిలో దింపునపుడు కుర్చీని వెనుకకు త్రిప్పి, తోయువాడు పల్లపువైపున నుండి మెల్లగా దింపవలెను; లేనిచో కూర్చున్నవారు ముందునకు తూలుదురు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున మర్కటకిశోరన్యాయము, మార్జాలకిశోరన్యాయము అని రెండు కలవు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా కరచుకొనియుండును. పిల్లికూనను తల్లియే నోటకరచుకొని పోవును. భగవంతునియెడ పిల్లికూనవలె సర్వభారమును ఆయనకే విడిచియుండవలెనని ఒక మార్గమువారు బోధింతురు. అది భగవంతునియెడ చెల్లును. ఏలయన ఆయన సర్వజ్ఞుడు. కూనకు ఎచ్చట నొచ్చునో ఆయనకు తెలియును. మనము సర్వజ్ఞులము కాము. సీసాలోని నీరు తగ్గలేదన్న సంగతియే నాకు తెలియలేదు. కనుక మానవుడు సాటి మానవునకు తోడు పోవునపుడు మర్కటన్యాయమే తగినది. పట్టు వారిది కావలెను. మోయు శ్రమ మనది కావలెను.

తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ ఎరుగనివారుండరు. వాల్మీకి రామాయణమున, అయోధ్యాకాండలో, దశరథుడు తన అవసానకాలమున కౌసల్యకు చెప్పిన వృత్తాంతములో ఆ మునికుమారుని పేరు లేదు, కావడియు లేదు. అంధులైన తల్లిదండ్రుల కొరకు చీకటివేళ సరయువునకు నీటికై పోయి, కుండ నిండుచున్న ధ్వనిని ఏనుగు ధ్వనిగా భ్రమించిన దశరథుని బాణమునకు కూలిన కుమారుడు కలడు. మనము అతని పితృభక్తిని కొనియాడి అంతటితో ఊరకుందుము. కథలో మరియొక పాఠము కలదు. ఆ యిరువురికి అతడొక్కడే దిక్కు. అతడు పడినంతనే వారికి కన్నులు లేవు, కాళ్ళు లేవు, నీరిచ్చువారు లేరు. అందు అతని దోషమేమియు లేదు. కాని తోడు ఒక్కడే యైన యాత్ర, ఆ తోడు ఎంతటి భక్తుడైనను, ఒక్క బాణమునకు కూలునది. గాంధారీధృతరాష్ట్రుల వెంట కుంతి, విదురుడు, సంజయుడు మువ్వురు నడచిరి. మన యాత్రలలో కనీసము ఇద్దరైన ఉండవలెను. ఒకరు మందుల దుకాణమునకు పోయినపుడు మరియొకరు ప్రక్కన నిలుచుటకు.

మా మేనత్తగారి సంగతికి వత్తును. రెండు సంవత్సరములు గడచినవి. 1998 ఆశ్వయుజమాసమున ఒక సాయంకాలము ఆమె నన్ను పిలిచి, "ఒరే నాయనా, పడిపోయింది నేను, భయం పట్టుకుంది నీకు. రెండేళ్ళనుంచీ నన్ను గుమ్మం దాటనివ్వలేదు. అన్నవరం స్వామిని చూడాలని ఉంది. తీసుకెళ్తావా?" అనిరి.

ఈమారు ఆమెతో కూర్చుండి ఆమెనే అడిగితిని. ఎప్పుడు పోదమనగా, కార్తికములో జనము త్రొక్కిసలాడుదురు గనుక మార్గశిరములో, అదియు పర్వదినము కాని నాడు పోదమని ఆమెయే చెప్పిరి. రైలు వలదు, కారు మేలనిరి. మా గ్రామమునుండి అన్నవరమునకు మూడుగంటల త్రోవ. నడుమ రాజమండ్రిలో బంధువుల యింట దిగి, ఒక గంట నడుము వాల్చి, ఆ యింటనే అవసరములు తీర్చుకొని పోవుటకు నిశ్చయించితిమి. నా భార్యయు తోడు వచ్చినది. రక్తపోటుకు ఆమె వాడు మాత్రలలో ఒకటి మూత్రము హెచ్చుచేయునది. ప్రయాణమునాడు దానిని ఎప్పుడు వేసికొనవలెనని వైద్యుని అడుగగా, ఇల్లు చేరిన పిమ్మట వేసికొనవచ్చునని ఆయన చెప్పెను. కారెక్కుటకు ఒక చిన్న పీట తీసికొంటిమి. మందులను పెట్టెలో గాక చేతిసంచిలో, రెండుదినములకు అధికముగా, వాటి పేర్లు వ్రాసిన కాగితముతో కూడ ఉంచితిమి. త్రోవలో ఎచ్చటనైనను ఇక చాలుననిపించినచో వెనుకకు మరలుదమని, అందుకు ఎవ్వరమును చిన్నబుచ్చుకొనరాదని మాట యిచ్చుకొంటిమి. ఈ ఏర్పాట్లలో ఒక్కటియు గొప్పది కాదు. అయినను ఒక్కటియు ఆమెను అడుగకుండ నాకు తెలిసియుండెడిది కాదు.

రత్నగిరిపై నా భార్య ముందు నడువగా, ఆమె భుజముపై చేయి వేసి మేనత్తగారు స్వామి సన్నిధికి నడచిరి. తీర్థము పుచ్చుకొని, మండపములో కూర్చుండి, నన్ను అడిగి రెండుమారులు మంచినీరు త్రాగిరి. నాకు ఆ దినమున కలిగిన దర్శనము అదియే.

దూరయాత్రలకును సూత్రమిదియే. తిరుమలకు అలిపిరి త్రోవలో సుమారు 3,550 మెట్లు కలవు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడువరకు నడువలేనివారు డోలీలలో కొండ ఎక్కెడివారు. 1974లో రెండవ రోడ్డు వచ్చినది. నేడు కొండ ఎక్కుట కష్టము కాదు. కష్టమంతయు చిన్న చోట్ల నున్నది. బస్సు మొదటిమెట్టు ఎత్తు, తడిసిన రాతినేల, క్రొత్త గదిలో రాత్రివేళ తగులు గడప – పెద్దలు తూలిపడుట తరచుగా ఇట్టి చోట్లనే. కనుక గదిలో దిగగానే మరుగుదొడ్డికి త్రోవ పగటిపూటనే చూపి, రాత్రి ఒక చిన్న దీపము వెలుగుచుండునట్లు చూడవలెను. గంటలకొలది కదలక కూర్చున్నచో కాళ్ళలో నెత్తురు పేరుకొను అపాయము కలదు. నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయించవలెను, లేదా పాదములనైన ఆడించవలెను. మధుమేహము గలవారికి వరుసలో ఆలస్యమగునని యెంచి తినుబండారము దగ్గర నుంచవలెను. కేదారమువంటి క్షేత్రము సుమారు 3,580 మీటర్ల ఎత్తున నున్నది. గుండె, ఊపిరితిత్తుల వ్యాధులు గలవారు వైద్యుని సలహా లేక అచ్చటికి పోరాదు. ప్రధానక్షేత్రములలో వృద్ధులకును, అంగవైకల్యము గలవారికిని ప్రత్యేక దర్శనపు ఏర్పాట్లు కలవు. వాటి నియమములు మారుచుండును గనుక బయలుదేరకముందే విచారించుట మంచిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో మొదలైన 108 అంబులెన్సు, రైలుప్రయాణములో 139, వృద్ధుల సహాయమునకు 14567 – ఈ సంఖ్యలు తోడువారికే గాక ప్రయాణించు పెద్దలకును తెలిసియుండవలెను.

వృద్ధాశ్రమములను నడుపువారి చిక్కు వేరు. వారికి ఒక్కరు కాదు, ఇరువదిమంది, ముప్పదిమంది. ఏదైన జరిగినచో బంధువులకు సమాధానము చెప్పవలసినది వారే. అందుచేత ఎవ్వరిని పంపకుండుటయే సుఖమని తోచుట సహజము. లేదా ఏడాదికొకమారు అందరిని ఒక బస్సులో ఎక్కించి త్రిప్పి తెత్తురు. రెండును ఒకే పొరపాటు; రెంటిలోను అడుగుట లేదు. పదిమంది తిరుపతి కోరవచ్చును, ఒకరు తన చెల్లెలి యింటికి పోయిన చాలుననవచ్చును, ఒకరు రాననవచ్చును. రాననుటయు వారి హక్కే. ఎవరు ఏమి కోరిరి, ఏ వైద్యుడు ఏమి చెప్పెను, తోడు ఎవరు, అపాయము ఇంత యున్నదని తెలిసి వారు ఏమనిరి – ఇవి ఒక పుస్తకములో వ్రాసి యుంచినచో, ఆశ్రమమువారి భయమునకు అది చాలినంత ఊరట. భయముచేత తలుపు మూయుటకంటె బాధ్యతతో తలుపు తెరచుట కష్టమే. కాని సేవయని పేరు పెట్టుకొన్నది ఆ కష్టమునకే గదా!

మతిమరుపు కమ్మినవారిని ఏమని అడుగవలెను? అడిగినది మరచిపోవుదురు గదా యని అందురు. మాట మరచినను ఇష్టము మరువరు. గుడిగంట విన్నపుడు ముఖము వికసించునా, జనసమ్మర్దమున చేతులు వణకునా – అదియే వారి సమాధానము. వారికి దూరయాత్ర కంటె ఎరిగిన త్రోవలో, ఉదయపువేళ, అరగంట ప్రయాణము మేలు. పేరు, ఇంటివారి ఫోను సంఖ్య వ్రాసిన కాగితము జేబులో నుండవలెను. ఒక క్షణమైనను వారిని ఒంటరిగా విడువరాదు. అన్నిటికంటె ముఖ్యము, రేపు పోదములే యని ప్రతిదినము అబద్ధమాడి వారిని ఊరించరాదు. మరచిపోవువారితో ఆడిన అబద్ధము ఆడినవాని లెక్కలో నిలిచియే యుండును.

ఎంత కోరినను పోరాని యాత్రలును కలవు. అప్పుడు కాదని చెప్పవలసినదే. కారణముతో కూడ, వారి ముఖము చూచి చెప్పవలెను. మన ఆలయములలో మూలవిరాట్టు కదలడు. కాని ఆయనయే ఉత్సవమూర్తియై పల్లకిపై, రథముపై వీధులకు వచ్చును. గుడికి రాలేనివారి గుమ్మము ముందు నిలిచి హారతి యందుకొనును. భగవంతుడే మెట్లు దిగి వచ్చుచుండగా మనకు సంకోచమేల? కొండకు పోలేని తల్లికి వీధిలో ఊరేగింపు వచ్చువేళకు కుర్చీ వాకిట వేయుట, గోదావరికి పోలేని తండ్రికి ఆ నీటిని తెచ్చి శిరమున చల్లుట – ఇదియు తోడుపోవుటయే.

2007లో మన దేశమున తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. పోషణయను మాటకు అర్థము చెప్పుచు ఆ చట్టము ఆహారము, వస్త్రము, నివాసము, వైద్యము అనువాటిని పేర్కొన్నది. ఇవి చూడని సంతానమును ట్రిబ్యునలు ముందు నిలుపవచ్చును. మేలైన చట్టమే. కాని అమ్మకు ఒక్కమారు పుట్టినిల్లు చూడవలెనని యున్నచో, తీసికొనిపొమ్మని అందులో వ్రాసియుండదు. అక్కడినుండి ధర్మము తానే నడువవలెను.

పాఠకమహాశయులారా! ఈ మాసమున మీ యింట నున్న పెద్దలయొద్ద ఒక సాయంకాలము కూర్చుండి, ఎచ్చటికైన పోవలెనని యున్నదా యని అడుగుడు. పిమ్మట, దారిలో ఏది కష్టమని కూడ అడుగుడు. రెండవ ప్రశ్నకు జవాబు వెంటనే రాకపోవచ్చును, సిగ్గు అడ్డుపడును. ఓపికతో వేచియుండుడు. మా మేనత్తగారు 2001లో స్వామి సన్నిధి చేరిరి. ఆమె చూడవలెననుకొన్న మొదటి క్షేత్రము చూడకయే పోయిరి. ఆ లోటు నాది. అట్టి లోటు మీకు మిగులకుండుగాక యని సర్వేశ్వరుని ప్రార్థించుచున్నాను.